కుక్కని ట్రైనింగ్ హాస్టల్లో పెడుతున్నారా? ముందు ఇవి చూసుకోండి

మా విజయనగరంలో లేబ్రడార్లు, జర్మన్ షెపర్డ్‌లు పెంచేవాళ్ళు బాగానే ఉన్నారు గానీ, కుక్కని కొన్ని వారాలు తమ దగ్గరే ఉంచుకుని నేర్పి పంపే ట్రైనర్ కావాలంటే చాలామంది విశాఖ వైపే చూస్తారు. శ్రీకాకుళం వాళ్ళకి అది ఇంకా దూరం, నూరు కిలోమీటర్ల పైనే. దూరం కాబట్టి ఏమవుతుందంటే, ఒక ఆదివారం కారెక్కించి దించేసి వస్తారు, మళ్ళీ తెచ్చుకోవడానికే వెళ్తారు, మధ్యలో వాట్సాప్‌లో వచ్చే వీడియోలు చుట్టాలందరికీ చూపించి మురిసిపోతారు. ఇంటికొచ్చిన వారానికే అది పాలబ్బాయి మీదకి మళ్ళీ ఎగబడుతుంది, "డబ్బులు తినేశాడు" అని ట్రైనర్‌ని తిట్టుకుంటారు. మోసం చేసేవాళ్ళు లేరనను, ఉన్నారు. కానీ ఎక్కువసార్లు జరిగేది, కుక్క నేర్చుకుని వస్తుంది, ఇంట్లోవాళ్ళకి దానితో చేయించడం రాదు. అందుకే బేరం మాట్లాడేటప్పుడే ఇచ్చే ఫీజులో సగం కుక్కకి, సగం మాకు నేర్పడానికి అని మనసులో పెట్టుకుని మాట్లాడండి.

ఒక చోట వచ్చిన పని ఇంకో చోట కుక్కకి దానంతట అది రాదు. ట్రైనర్ షెడ్డు వెనక ఖాళీ స్థలంలో, లీష్ (కుక్క బెల్టుకి తగిలించి పట్టుకునే తాడు) అతని చేతిలో, ఉడికించిన చికెన్ ముక్కలు అతని జేబులో ఉన్నప్పుడు "స్టే" అంటే ఆగడం దానికి వచ్చింది. మీ కంటోన్మెంట్ వీధిలో, ఎదురింటి గోడ మీద పిల్లి నడుస్తుంటే, మీ అమ్మగారు "స్టే" అంటే ఆగడం దానికి వేరే పాఠం. చోటు మార్చి, మనిషిని మార్చి, చుట్టూ గోల ఉన్నప్పుడూ లేనప్పుడూ చేయిస్తూ పోతేనే ఎక్కడైనా ఒకటే పని అని దానికి అర్థమవుతుంది. ఈ సంగతి తెలియని ట్రైనర్ ఉండడు, చెప్పని ట్రైనర్లు మాత్రం చాలామందే ఉంటారు, ఎందుకంటే చెబితే తర్వాత పని కూడా వాళ్ళ మీదే పడుతుంది.

అసలు పంపాలా?

ఆరు నెలలు దాటి, ఏడాదిన్నర లోపు ఉన్న ఆరోగ్యమైన కుక్క, లీష్ పట్టుకుంటే మిమ్మల్నే లాక్కుపోతుంది, ఎవరొచ్చినా మీద పడుతుంది, పిలిస్తే రాదు అంటే పంపొచ్చు, లాభం ఉంటుంది. రోజుకి నాలుగైదుసార్లు, ఒక్కోసారి ఐదేసి నిమిషాలు కూర్చుని చేయించే తీరిక ఇద్దరూ ఉద్యోగాలకి వెళ్ళే ఇంట్లో ఉండదు కదా.

నాలుగు నెలల లోపు పిల్లని పంపొద్దు. టీకాల వరుస పూర్తి కాకుండా పది కుక్కలు తిరిగే చోట వదిలితే పార్వో భయం, అది వాంతులు, రక్త విరేచనాలతో పిల్లల ప్రాణం తీసే వైరస్ జబ్బు. ఆ వైరస్ నేలలో నెలల తరబడి ఉంటుంది, మామూలుగా నేల తుడిచే మందులకి లొంగదు. పైగా మూడో వారం నుంచి పద్నాలుగో వారం దాకా పిల్లకి లోకం అలవాటయ్యే కాలం. కుక్కర్ విజిల్, మిక్సీ, ఆటో హారన్, తాతగారి చేతికర్ర, చీర కొంగు, ఇవన్నీ మామూలే అని అది ఆ వారాల్లో మీ ఇంట్లోనే నేర్చుకోవాలి.

ఇంట్లో ఉచ్చ పోస్తోందని పంపేవాళ్ళున్నారు. అది పనికిరాని ఖర్చు, ఒక్కోసారి నష్టం కూడా. హాస్టల్లో గది నేల సిమెంటు, అక్కడే తినడం, అక్కడే పడుకోవడం, బయటికి తీసే మనిషి ఆలస్యంగా వస్తే అక్కడే కానిచ్చేయడం. నెల రోజులు అలా అలవాటైన కుక్క మీ హాలు గచ్చు మీద ఎందుకు ఆగుతుంది? అలాగే ఒంటరిగా వదిలితే ఏడ్చి, తలుపులు గీరేసే కుక్క. దాని బాధే మీరు లేకపోవడం, దానికి మందుగా మీకు ఇంకా దూరంగా పంపితే ఎలా? ఈ రెండింటికీ ఇంటికొచ్చి నేర్పే ట్రైనర్ కావాలి. వారానికి రెండు రోజులు వచ్చినా చాలు, మిగతా రోజులు ఏం చేయాలో మీకు చెప్పి వెళ్తాడు.

కరిచే కుక్క సంగతి వేరు. అందులోనూ పెద్దయ్యాక ఉన్నట్టుండి గుర్రుమంటోంది, ముట్టుకోనివ్వడం లేదు అంటే ముందు డాక్టర్‌కి చూపించండి. చెవిలో చీము, పన్ను నొప్పి, తుంటి కీళ్ళ నొప్పి ఉన్నప్పుడు ఏ కుక్కయినా అలాగే చేస్తుంది. మన జిల్లాలో గరివిడిలో వెటర్నరీ కాలేజీ ఉంది, మీ ఊరి డాక్టర్ తేల్చలేకపోతే అక్కడిదాకా వెళ్ళడం దండగ కాదు. నొప్పితో ఉన్న కుక్కకి ట్రైనింగ్ ఇప్పించడమంటే దాన్ని హింసించడమే.

ఆడకుక్క ఎదకొచ్చిన మూడు వారాలూ పంపొద్దు. అక్కడ మగకుక్కలుంటాయి, ఎవరు ఎంత జాగ్రత్తగా చూస్తామన్నా నమ్మకండి.

చోటు చూడడానికి కుక్క లేకుండా వెళ్ళండి

మొదటిసారి మీరొక్కరే వెళ్ళండి. ఆఫీసు గదిలో కూర్చోబెట్టి ఫోన్లో వీడియోలు చూపిస్తారు, కాఫీ ఇస్తారు, తాగండి, తాగాక కుక్కలు పడుకునే గదులు చూపించమనండి. "ఇప్పుడు చూపించం, కుక్కలు డిస్టర్బ్ అవుతాయి" అంటే ఏ టైముకి రావాలో అడగండి. ఏ టైముకీ కుదరదంటే అక్కడితో సరి.

లోపల చూడాల్సింది రంగులు, బోర్డులు కాదు. నీళ్ళ గిన్నె లోపలి అంచుకి వేలు రాసి చూడండి, జారుడుగా పాచి తగిలిందంటే ఆ గిన్నె కడిగి రోజులైంది. గది నేల మోరీ వైపు వాలుగా ఉందా, కడిగిన నీళ్ళు నిలబడుతున్నాయా? రేకుల షెడ్డయితే కింద సీలింగో, పైన నీడో ఉందా, ఫ్యాను ఉందా, కరెంటు పోతే ఇన్వర్టర్ ఉందా? గేటు తీయగానే నేరుగా రోడ్డా, లేక మధ్యలో ఇంకో గేటుందా? హైవే పక్కన ఒకే గేటు ఉన్న చోటయితే నేను ఇవ్వను, ఒక్కసారి జారిందంటే లారీల మధ్యలో ఉంటుంది. రాత్రిపూట అక్కడ మనిషి పడుకుంటాడా, తాళం వేసి ఇంటికెళ్ళిపోతారా అన్నది తప్పకుండా అడగండి.

అన్నిటికంటే ఎక్కువ చెప్పేది అక్కడున్న కుక్కలు. ట్రైనర్ గది దగ్గరికి నడుస్తుంటే మీరు అతన్ని వదిలేసి వాటినే చూడండి. తోక ఊపుతూ, నడుము కూడా ఊపుతూ జాలీ దగ్గరికి వస్తే బావుంది. తోక కాళ్ళ మధ్యకి పోయి, చెవులు వెనక్కి అతుక్కుని, ఎదురుగా తిండి లేకపోయినా మాటిమాటికీ మూతి నాక్కుంటూ, ఆవలిస్తూ మూలకి జరిగాయంటే అవి భయపడుతున్నాయి. కదలకుండా బుద్ధిగా కూర్చున్న కుక్కని చూసి "ఎంత డిసిప్లినో" అనుకుంటాం, కానీ భయంతో బిగుసుకుపోయిన కుక్క కూడా అలాగే కూర్చుంటుంది. వీలైతే ఒక కుక్క మెడ బెల్టు కింద బొచ్చు చూడండి. చుట్టూ రింగులా ఊడిపోయి, చర్మం గరుకుగా మారిందంటే రోజంతా గొలుసుతో కట్టేసి ఉంచుతున్నారు, లేదా లాగి లాగి నేర్పుతున్నారు.

తర్వాత ఒక్క ప్రశ్న అడగండి: "చెప్పింది చేయకపోతే మీరేం చేస్తారు?" మంచి ట్రైనర్ "పని ఇంకా తేలిక చేసి మళ్ళీ చేయిస్తాను, చేసినప్పుడు తిండి పెడతాను" అనే అర్థం వచ్చేలా ఏదో ఒకటి చెబుతాడు. "కరెక్షన్ ఇస్తాం" అంటే ఆ కరెక్షన్ ఏమిటో చూపించమనండి. మెడ బిగిసే గొలుసు, లోపల ముళ్ళున్న బెల్టు, కరెంటు షాకిచ్చే బెల్టు, వీటిలో ఏది బయటికి తీసినా దండం పెట్టి వచ్చేయండి. ఇది నా ఒక్కడి చాదస్తం కాదు. జంతువుల ప్రవర్తన మీద పనిచేసే అమెరికా పశువైద్యుల సంఘం 2021లో ఏ సమస్యకైనా బహుమతితో నేర్పే పద్ధతే వాడాలని తేల్చి చెప్పింది, వేల్స్‌లో షాక్ బెల్టులు 2010 నుంచే నిషేధం. మన దేశంలోనూ 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం కొట్టడమే కాదు, మరీ పొట్టి గొలుసుతో గంటల తరబడి కట్టేసి ఉంచడం కూడా నేరమే.

దెబ్బకి దెయ్యం వదులుతుందంటారు మనవాళ్ళు. కుక్కకి దెబ్బతో వదిలేది గుర్రుమనడం. గుర్రుమన్నప్పుడల్లా కొడితే అది గుర్రుమనడం మానేస్తుంది, భయం అలాగే ఉంటుంది, రేపు మీ పిల్లాడు తోక తొక్కితే హెచ్చరిక లేకుండా నేరుగా కరుస్తుంది. అలా "నేర్పిన" కుక్క ఇంట్లో ఉండడం నేర్పని కుక్క ఉండడం కంటే ప్రమాదం.

ఇంకో సంగతి, ఇన్‌స్టాలో కనిపించే ట్రైనరు, మీ కుక్కకి రోజూ నేర్పే మనిషి ఒకరు కాకపోవచ్చు. నేర్పేది ఎవరు, ఆ మనిషి చేతిలో ఎన్ని కుక్కలున్నాయి అని అడిగి, ఆ మనిషితోనే మాట్లాడండి. "నెలలో నూరు శాతం గ్యారంటీ" అన్నవాడి మాట వినాల్సిన పని లేదు.

పంపే ముందు

టీకాల పుస్తకం తీసి చూడండి. డీహెచ్‌పీపీ (డిస్టెంపర్, పార్వో లాంటివి రాకుండా వేసేది), లెప్టో (ఎలుకల ఉచ్చ వల్ల వచ్చే జ్వరానికి), యాంటీ రేబిస్ తేదీలు దాటిపోకూడదు, కెన్నెల్ కాఫ్ (ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకునే కుక్కల దగ్గు) టీకా కూడా వేయించండి, ఇవన్నీ కనీసం రెండు వారాల ముందే అయిపోవాలి. బయల్దేరే రోజు పొద్దున్న వేయించినది అంత తొందరగా పనిచేయదు. వాళ్ళు టీకాల పుస్తకం అడక్కుండా మీ కుక్కని చేర్చుకుంటున్నారంటే మిగతా కుక్కల్ని కూడా అలాగే చేర్చుకున్నట్టే లెక్క.

పిడుదుల సంగతి మన తేమ వాతావరణంలో తేలిగ్గా తీసుకోవద్దు. నెక్స్‌గార్డ్ లాంటి బిళ్ళ నెల రోజులు, బ్రావెక్టో సుమారు మూడు నెలలు కాపాడతాయి, ట్రైనింగ్ ఎన్ని వారాలో చూసి డాక్టర్‌తో ఏదో ఒకటి తేల్చుకోండి. కుక్కకి ఎప్పుడైనా ఫిట్స్ వచ్చి ఉంటే ఆ మాట డాక్టర్‌కి ముందే చెప్పాలి, ఆ రకం బిళ్ళలు అందరికీ పడవు.

తిండి దగ్గర చాలామంది దెబ్బతింటారు. ఇంట్లో పెరుగన్నం, చికెన్ వేసి ఉడికించిన అన్నం తినే కుక్కకి అక్కడ మొదటిరోజు నుంచే ప్యాకెట్ ఫుడ్ పెడితే విరేచనాలు ఖాయం. వాళ్ళేం పెడతారో కనుక్కుని, అదే తెచ్చి, వారం పది రోజుల ముందు నుంచి ఇంటి తిండిలో కొద్దికొద్దిగా కలుపుతూ మార్చండి. మీరు ఉతకని పాత లుంగీయో దుప్పటో కూడా ఇవ్వండి, మీ వాసన ఉంటే మొదటి రాత్రుళ్ళు కాస్త నయం.

మాటలు కూడా ఇప్పుడే ఖాయం చేసుకోవాలి. ట్రైనర్ "సిట్" అని నేర్పుతాడు, ఇంట్లో నాన్నగారు "కూర్చో" అంటారు, మామ్మ "కూకో" అంటుంది, పిల్లలు "సిట్ సిట్ సిట్" అని పదిసార్లు అరుస్తారు. పడుకోవడానికి ఒకరు, సోఫా దిగడానికి ఇంకొకరు "డౌన్" వాడితే దానికేం తెలుస్తుంది? ఇంట్లో అందరికీ నోరు తిరిగే మాటలు ఏడెనిమిది ఎంచి, కాగితం మీద రాసి, ఒకటి ఫ్రిజ్ మీద అంటించి ఒకటి ట్రైనర్‌కి ఇవ్వండి. తెలుగులో నేర్పమంటే నేర్పుతారు, కుక్కకి ఏ భాషైనా ఒకటే.

డబ్బు మొత్తం ముందే కట్టొద్దు. సగం ఇప్పుడు, మిగతాది మీ చేతిలో లీష్ ఉండగా కుక్క చేసి చూపించాక. ఏమేం నేర్పుతారు, ఎన్ని వారాలు, జబ్బు చేస్తే ఏ డాక్టర్‌కి చూపిస్తారు, ఎంత ఖర్చు దాటితే మీకు ఫోన్ చేయాలి, మీకు నేర్పే క్లాసులు ఎన్ని, ఇవి ఒక కాగితం మీద ఉండాలి. వాట్సాప్‌లో రాయించుకున్నా పర్వాలేదు, నోటి మాట మాత్రం వద్దు.

ఏ నెలలో పంపాలో కూడా చూడండి. ఏప్రిల్, మే ఉక్కలో పగ్‌లాంటి చప్పిడి ముక్కు కుక్కలకి ప్రయాణమే కష్టం. దీపావళి టపాసుల రోజులు కొత్త చోట గడపడం ఏ కుక్కకీ మంచిది కాదు. అక్టోబర్ అంటే మనకి తుఫాన్ల భయం, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ రెండూ ఆ నెలలోనే వచ్చాయి. ఆ రోజుల్లో పంపాల్సి వస్తే గాలివాన హెచ్చరిక వచ్చినప్పుడు కుక్కల్ని రేకుల షెడ్డులోంచి ఎక్కడికి మారుస్తారని అడగండి.

ప్రయాణానికి మూడు నాలుగు గంటల ముందు తిండి ఆపండి, నీళ్ళు ఆపొద్దు. రణస్థలం, భోగాపురం మీదుగా వెళ్ళేటప్పుడు మధ్యలో నీడ చూసి ఒకసారి దింపండి, దింపేటప్పుడు డోర్ తీయకముందే లీష్ చేతిలో ఉండాలి. టిఫిన్‌కి ఆగి దాన్ని కారులో వదిలేసి వెళ్ళొద్దు, అద్దాలు కాస్త దింపినా ఎండలో కారు నిమిషాల్లో కాగిపోతుంది. కుక్క ఒంటి వేడి మామూలుగా 101 నుంచి 102.5 ఫారన్‌హీట్ ఉంటుంది, 105 దాటితే ప్రాణం మీదకి వస్తుంది. ఆగకుండా రొప్పుతూ, చిక్కటి చొంగ కారుతూ, తూలుతుంటే మామూలు నీళ్ళతో ఒళ్ళంతా తడిపి గాలి తగిలేలా పెట్టి నేరుగా డాక్టర్ దగ్గరికి.

అక్కడున్న రోజుల్లో

మొదటి వారం రావొద్దంటారు, అందులో తప్పేం లేదు, కుక్క కుదురుకోవాలి. అసలు ట్రైనింగ్ అయ్యేదాకా రావొద్దంటే ఒప్పుకోవద్దు. వీడియోలు పాటలు పెట్టి కట్ చేసినవి కాకుండా, రెండు మూడు నిమిషాలు ఆపకుండా తీసినవి అడగండి, కుక్క తప్పు చేసినది కూడా ఉండాలి, తప్పు చేసినప్పుడు ఆ మనిషి ఏం చేశాడన్నదే మీరు చూడాల్సింది. పక్కటెముకలు తేలుతున్నాయా అని కూడా చూడండి.

సగం రోజులయ్యాక వెళ్ళి మీరే లీష్ పట్టుకోండి. మొదట్లో అది మీ మాట వినదు, మిమ్మల్ని చూసిన సంబరంలో చుట్టూ తిరుగుతుంది. అది ట్రైనర్ దగ్గరుండగా జరగడమే మంచిది. మీరు లీష్ బిగబట్టి లాగుతున్నారా, ముక్క ఇవ్వడం ఆలస్యం చేస్తున్నారా, ఒకే మాట నాలుగుసార్లు అంటున్నారా అన్నది అతను పక్కనుంచి చూసి చెప్పాలి. కూర్చోగానే ఒకటి రెండు సెకన్లలో తిండి నోట్లో పడాలి, మీరు జేబులో వెతుక్కుంటుండగా అది లేచిపోతే లేచినందుకు తిండి ఇచ్చినట్టవుతుంది.

ఇంటికి తెచ్చాక

వచ్చిన రోజు చుట్టాల్ని పిలవొద్దు. అలాగే మనకి పైడితల్లి అమ్మవారి సిరిమాను జాతర మంగళవారం దగ్గర్లో ఉంటే ఇంకో వారం అక్కడే ఉంచడం నయం, ఆ జనం, ఆ గోల ఎలా ఉంటాయో మూడు లాంతర్ల కూడలి చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళకి చెప్పక్కర్లేదు.

ముందు ఒళ్ళంతా తడమండి. చెవుల లోపల, చంకల్లో, కాలివేళ్ళ మధ్య, తోక మొదట్లో పిడుదులుంటాయి. ఆ తర్వాత మూడు వారాల్లో తిండి మానేసినా, జ్వరం వచ్చినా, చిగుళ్ళు పాలిపోయినా, ముక్కులోంచి రక్తం కనబడినా అది బెంగ అనుకుని ఊరుకోకండి, పిడుదుల జ్వరం కావచ్చు. డాక్టర్‌కి హాస్టల్లో ఉండి వచ్చిందని చెప్పి రక్త పరీక్షలో ప్లేట్‌లెట్లు చూపించండి.

మొదటి రెండు వారాలూ ఇంట్లో కూడా తేలికపాటి లీష్ వేసే ఉంచండి, మీరు చూస్తున్నంతసేపే. గేటు చప్పుడైతే అది పరుగెత్తబోయే లోపు లీష్ మీద కాలు వేస్తే చాలు, అరవక్కర్లేదు. పాలబ్బాయితో ముందే మాట్లాడి, రోజూ ఓ నిమిషం గేటు బయట ఆగమనండి. కుక్క నాలుగు కాళ్ళూ నేల మీద ఉన్నప్పుడే గేటు తీయాలి, అప్పుడే ముక్క. పని నడుస్తున్న కొద్దీ ప్రతిసారీ కాకుండా అప్పుడప్పుడూ ఇవ్వండి, అంతేగానీ ఒక్కసారిగా ఆపేయొద్దు.

వీధిలోకి మొదట ఊరకుక్కలు పడుకుని ఉండే వేళ తీసుకెళ్ళండి. ట్రైనింగ్ గ్రౌండులో ఊరకుక్కలుండవు, మన వీధి మొదట్లో నాలుగైదు ఉంటాయి, మీ కుక్క నడక అంతా అక్కడే చెడుతుంది. అవి కనపడినా ఇది ఇంకా మొరగని దూరం ఒకటుంటుంది, అక్కడ ఆగి, కూర్చోబెట్టి, ముక్క ఇచ్చి వెనక్కి వచ్చేయండి. రోజురోజుకీ ఆ దూరం తగ్గుతుంది. మొరిగే దాకా వెళ్ళి అప్పుడు లాగితే వచ్చిందంతా పోతుంది.

అన్నిటికంటే కష్టం మనుషులతోనే. మీరు ఎగరొద్దని నేర్పుతుంటే మీ బావగారు వచ్చి "పోనీలెద్దూ, పాపం" అని గుండెల మీదకి ఎక్కించుకుంటారు. అన్నం తినేటప్పుడు మామ్మ ఒక ముద్ద పక్కన పెడుతుంది. అందరినీ మార్చలేం, కాబట్టి భోజనాల వేళ దానికి వేరే గదిలో పని చూపించండి, బావగారి చేతిలో నాలుగు ముక్కలు పెట్టి "కూర్చుంటేనే ఇవ్వండి" అనండి. ముక్కలిచ్చే అవకాశం వస్తే ఎవరూ కాదనరు.

నెల దాటాక కూడా పిలిస్తే రావడం లేదనో, లాగడం తగ్గలేదనో అనిపిస్తే ఇంకో నెల హాస్టల్ అనే ఆలోచన మానండి. అదే ట్రైనర్‌ని మీ ఇంటికి రప్పించండి, దారి ఖర్చు మీరే పెట్టుకుని అయినా సరే, పొద్దున్న మీరు వాకింగ్‌కి తీసే వేళకి, మీ వీధిలోకే. లీష్ మాత్రం అతనికి ఇవ్వకండి, మీ చేతిలోనే ఉంచుకుని నడవండి.